అమ్మమ్మకు నలభై త్రైమాసికాలెక్కడివి?

"అమ్మగారూ నాన్నగారూ వస్తున్నారట కదా, ఇన్సూరెన్సు తీసుకున్నారా?" అని అమెరికాలోని ఏ తెలుగింట అడిగినా వచ్చే జవాబు ఇంచుమించు ఒక్కటే: "ఆఁ, ఏదో ఒకటి తీసుకున్నాం లెండి."

నా తగవంతా ఆ "ఏదో ఒకటి"తోనే. చెల్లెలి పెళ్ళికి చీర కొనేటప్పుడు మనం ఏదో ఒకటి కొనం. కారు కొనడానికి ముందు నెల్లాళ్ళు తులనాత్మక పరిశోధన చేస్తాం. ఇల్లు కొనేటప్పుడు తూర్పు వాకిలికోసం పది ఇళ్ళు వదులుకుంటాం. డెబ్భై ఏళ్ళు నిండిన మనిషిని, రక్తపోటుతో, మధుమేహంతో, ఏనాడో వేసిన స్టెంటుతో సహా, సముద్రాలు దాటించి తెచ్చుకునేటప్పుడు మాత్రం విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి, ధరలవారీగా పేర్చిన పట్టికలో అన్నిటికన్నా పైనున్న దానిమీద నొక్కి, "హమ్మయ్య" అనుకుంటాం.

ఈ విషయంలో నాకు రెండు పక్షాలతోనూ తగవుంది. ఒక పక్షం ఈ దేశపు శాసనం. రెండవ పక్షం మనం. శాసనాన్ని తిట్టి మనల్ని వదిలేస్తే అది ఆత్మవంచన. మనల్ని తిట్టి శాసనాన్ని వదిలేస్తే అది ప్రవచనం. రెండూ మనవాళ్ళలో పుష్కలంగా జరుగుతూనే ఉన్నాయి గనుక, నేను రెంటికీ దూరంగా ఉండదలచాను.

ముందుగా ఆ "ఏదో ఒకటి" ఏమిటో చూద్దాం.

సందర్శకుల వీసామీద వచ్చే తల్లిదండ్రులకు అమ్మే పాలసీలు ప్రధానంగా రెండు జాతులవి. మొదటిది చవకైనది. ఆసుపత్రిలో ఒక రోజుకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత, అంబులెన్సుకు ఇంత అని ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం ఇస్తుంది. ఆసుపత్రివాడు దానికి పదింతలు వేసినా సరే, పట్టికలో ఉన్నదే ఇస్తుంది. మిగిలినది మనది. రెండవది కాస్త ఖరీదైనది. మొదట మన జేబులోంచి పోవలసిన డిడక్టిబుల్ పోయాక, ఒప్పుకున్న పరిమితి దాకా, బిల్లులో అధికభాగాన్ని భరిస్తుంది. ఈ రెంటికీ మధ్య తేడా తెలియకుండానే మనలో చాలామంది కొంటారు. పాలసీ ముఖపత్రంమీద "యాభైవేల డాలర్లు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది కదా, అది చాలు మనకు. ఆ యాభైవేలు ఏ విధంగా, దేనికి, ఎంతెంత చొప్పున వస్తాయన్నది లోపలి పేజీల సంగతి. లోపలి పేజీలు చదివే అలవాటు మనకు మొదటినుంచీ తక్కువే.

జాతి ఏదైనా అసలు కీలకం ఒకే మాటలో ఉంది: ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్, అనగా పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బు. ఈ పాలసీలు సాధారణంగా దానికి చికిత్స భరించవు. డెబ్భై ఏళ్ళ తెలుగు మనిషికి ముందునుంచీ లేని జబ్బు ఏది వస్తుంది చెప్పండి? గుండెపోటు వస్తే, రక్తపోటు ముందే ఉంది. పక్షవాతం వస్తే, మధుమేహం ముందే ఉంది. మూత్రపిండం మొరాయిస్తే, ఆ రెండూ ముందే ఉన్నాయి. అంటే రాదగిన జబ్బులన్నిటినీ గీసి అవతల పెట్టి, రావడానికి అంతగా అవకాశం లేనివాటికి మాత్రం భరోసా ఇస్తున్నారన్నమాట. మెట్లమీద జారిపడి తుంటి విరిగితే తప్ప ఆ కాగితం పూర్తిగా పనికిరాదు.

"అలా కాదండీ, అక్యూట్ ఆన్‌సెట్ కవరేజి ఉందిగా" అంటారు కొంచెం చదివినవారు. ఉంది. పాతజబ్బే అయినా హఠాత్తుగా, ఏ ముందస్తు సూచనా లేకుండా విషమిస్తే, సాధారణంగా 24 గంటలలోపు చికిత్సకు చేరితే, ఒక పరిమితిదాకా భరిస్తామని దాని భావం. ఇందులో ప్రతి పదమూ ఒక ఉచ్చే. రెండు రోజుల క్రితం "కాస్త ఆయాసంగా ఉందమ్మా" అని అత్తగారు అన్న మాట ఆసుపత్రి రికార్డులోకి ఎక్కితే, అది ముందస్తు సూచన అవుతుంది. పైగా చాలా పాలసీలలో డెబ్భై దాటినవారికో, ఎనభై దాటినవారికో ఈ సదుపాయం తగ్గిపోతుంది, లేదా పూర్తిగా తెగిపోతుంది. ఎనభై దాటినవారికి మొత్తం పాలసీ గరిష్ఠ పరిమితే కొన్నింటిలో పదివేల డాలర్లు. అమెరికా ఆసుపత్రిలో గుండెజబ్బుకు పదివేల డాలర్లు ఎన్నాళ్ళు వస్తాయో ఇక్కడ ఒక్కసారైనా బిల్లు చూసినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇది సందర్శకుల సంగతి. ఇక బిడ్డ అమెరికా పౌరుడై, తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు ఇప్పించి, శాశ్వతంగా తెచ్చుకున్న సందర్భం చూద్దాం. శాసనంతో నా అసలు తగవు ఇక్కడే.

అరవై అయిదేళ్ళు నిండినవారికి ఈ దేశంలో మెడికేర్ ఉంది. 1965 జులై 30న లిండన్ జాన్సన్ మిస్సోరిలోని ట్రూమన్ గ్రంథాలయంలో సంతకం చేసిన చట్టం అది. అందులో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ప్రీమియం లేకుండా రావాలంటే మనిషి తానుగాని, తన భర్తగాని, భార్యగాని నలభై త్రైమాసికాలు పనిచేసి పన్ను కట్టి ఉండాలి. ఏడాదికి నాలుగు త్రైమాసికాలకు మించి లెక్కలోకి రావు. అంటే పదేళ్ళు. అరవై ఎనిమిదో ఏట గుంటూరునుంచో కరీంనగరునుంచో వచ్చిన అమ్మమ్మకు నలభై త్రైమాసికాలు ఎక్కడినుంచి వస్తాయి?

డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. అదీ వెంటనే కాదు. శాశ్వత నివాసిగా ఎడతెగకుండా అయిదేళ్ళు ఇక్కడ ఉన్న తరువాత. 2025లో ఆ ధర పార్ట్ ఎకు నెలకు 518 డాలర్లు, వైద్యుల ఖర్చులు చూసే పార్ట్ బికి 185 డాలర్లు. వెరసి నెలకు 703, సంవత్సరానికి 8,436. ఇద్దరికీ కలిపి 16,872 డాలర్లు. మందులకు వేరే. మెడికేర్ భరించని వాటాకు వేరే. పేదలకోసం ఉన్న మెడికెయిడ్‌కూ 1996నాటి సంక్షేమ సంస్కరణ చట్టం చాలామంది కొత్త శాశ్వత నివాసులకు అయిదేళ్ళ నిషేధం పెట్టింది.

ఆ అయిదేళ్ళూ ఏం చెయ్యాలి? 2010నాటి ఆరోగ్యసంరక్షణ చట్టం పుణ్యమా అని 2014నుంచి ఒక దారి ఏర్పడింది. మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే పాలసీలను చట్టబద్ధంగా నివసించే వలసవారు కూడా, ప్రీమియంలేని మెడికేర్ రాని పక్షంలో అరవై అయిదు దాటినవారైనా సరే, కొనుక్కోవచ్చు. పాతజబ్బుందని కాదనడానికి వీల్లేదు. వయసును బట్టి ధర యువకుడికన్నా మూడింతలకు మించరాదు. నా దృష్టిలో వలస వచ్చిన వృద్ధులకు ఈ దేశం చేసిన ఏకైక ఘనమైన ఉపకారం ఇది. మరి ఆ ఉపకారానికి ఏం జరిగింది? కనీసాదాయం కూడా లేక, అయిదేళ్ళ నిషేధంవల్ల మెడికెయిడ్ రానివారికి ప్రీమియం రాయితీ ఇచ్చే ప్రత్యేక వెసులుబాటు ఆ చట్టంలో ఉండేది. 2025 జులై 4న సంతకమైన చట్టం 2026 ఆరంభంనుంచి దాన్ని తీసేసింది. మరొకవైపు 2021లో పెంచిన రాయితీలు 2025తో ముగిశాయి. దీని ఫలితమేమిటో ఆలోచించండి. తల్లిదండ్రులు విడిగా తమ పన్నుపత్రం తాము వేసుకుంటే, ఆదాయం మరీ తక్కువని రాయితీ రాదు. కొడుకు పత్రంలో ఆశ్రితులుగా చేరితే, కొడుకు ఆదాయం ఎక్కువైతే మళ్ళీ రాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న సామెతకు ఇంతకన్నా శాస్త్రీయమైన ఉదాహరణ దొరకదు.

ఇక నా వాదంలోని ముఖ్యాంశానికి వస్తాను. ఈ దేశంలో "కుటుంబం" అంటే ఏమిటి?

వలస చట్టాన్ని అడగండి. పౌరుడి తల్లిదండ్రులు "ఇమ్మీడియట్ రిలెటివ్స్", అత్యంత సన్నిహిత బంధువులు. వార్షిక పరిమితి లేదు, ఏళ్ళతరబడి వరుసలో నిలబడనక్కరలేదు.

పూచీ చట్టాన్ని అడగండి. కొడుకో కూతురో ఐ-864 పత్రంమీద సంతకం పెట్టాలి. దారిద్ర్యరేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. తల్లిదండ్రులు పౌరులయ్యేదాకానో, నలభై త్రైమాసికాలు పూర్తయ్యేదాకానో, దేశం విడిచి వెళ్ళేదాకానో, కన్నుమూసేదాకానో ఆ పూచీ వదలదు. అంటే చట్టం దృష్టిలో వారు బిడ్డ బాధ్యతే, సందేహం లేదు.

పన్నుల చట్టాన్ని అడగండి. నిబంధనలకు సరిపోతే తల్లిదండ్రులు ఆశ్రితులు. పన్నుపత్రంలో పిల్లల పక్కనే వారి పేరు రాయవచ్చు.

ఇక ఇన్సూరెన్సును అడగండి. "ఎవరు వాళ్ళు?" అంటుంది.

ఉద్యోగం ద్వారా వచ్చే బీమాలో భార్య ఉంటుంది, భర్త ఉంటాడు, పిల్లలుంటారు. 2010నాటి చట్టం పుణ్యాన ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా పిల్లలుంటారు. వారికి పెళ్ళైనా ఉంటారు, వేరే ఊళ్ళో ఉన్నా ఉంటారు. అదే ఇంట్లో, అదే బల్లమీద అన్నం తినే అమ్మ మాత్రం ఉండదు. చేర్చుకోవడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. కానీ చేర్చుకునే యజమానులు దాదాపు లేరు. మన దేశంలోనో? అనేక సంస్థలు ఉద్యోగుల బృంద బీమాలో తల్లిదండ్రులను చేర్చుకుంటాయి. హైదరాబాదులో పనిచేసే అమ్మాయికి దక్కే ఈ మామూలు సదుపాయం, అదే సంస్థ ఆమెను డల్లాస్‌కు బదిలీ చేస్తే ఆవిరైపోతుంది. మనిషి మారలేదు, సంస్థ మారలేదు, అమ్మ మారలేదు. కుటుంబమన్న మాటకు నిర్వచనం మాత్రం మారింది.

కుటుంబాన్ని కిందికి ఇరవై ఆరేళ్ళదాకా సాగదీయగలిగిన శాసనం పైకి ఒక్క అంగుళం కూడా సాగదీయలేకపోవడం అశక్తత కాదు. అది ఒక అభిప్రాయం. కుటుంబమంటే దంపతులూ పిల్లలూ అన్న అభిప్రాయం. అది తప్పని నేననను. కాని పూచీపత్రంమీద సంతకం పెట్టించుకునేటప్పుడు ఒక నిర్వచనం, బీమా ఇచ్చేటప్పుడు వేరొక నిర్వచనం వాడడం న్యాయం కాదంటాను. బాధ్యతకు బిడ్డ, హక్కుకు పరాయి. ఇదెక్కడి వరస?

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు. వాటిలో కొన్ని మనవాళ్ళనుంచే వస్తాయి.

మొదటిది: "ఎప్పుడూ పన్ను కట్టనివారికి మెడికేర్ ఎందుకివ్వాలి?" వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మెడికేర్ ఆ సూత్రంమీద నడవడం లేదు. ఒక ఉదాహరణ తీసుకోండి. ఇంజనీరు భార్యగా వచ్చిన ఒకావిడ, వీసా నిబంధనలవల్లో ఇష్టంవల్లో ఒక్కరోజూ ఉద్యోగం చెయ్యలేదు. గ్రీన్‌కార్డు వచ్చింది, ఇక్కడే స్థిరపడింది. అరవై అయిదేళ్ళు నిండగానే భర్త త్రైమాసికాల ఆధారంగా ఆమెకు పార్ట్ ఎ ప్రీమియం లేకుండా వస్తుంది. రావలసిందే, ఇంటిని నిలబెట్టింది ఆమె. మరి అదే ఇంట్లో, ఆమె మొదటి పురుటినాడు వచ్చి, ఇద్దరు పిల్లలను పెంచి, పొద్దున్నే డబ్బాలు కట్టి, సాయంత్రం బడి బస్సుకోసం వీధి చివర నిలబడిన అత్తగారికి కొడుకు త్రైమాసికాలు ఎందుకు పనికిరావు? ఒకరి పన్ను మరొకరికి ఫలించవచ్చునని శాసనం ఎప్పుడో ఒప్పుకుంది. ఎవరికి ఫలించాలన్నదే మిగిలిన ప్రశ్న.

రెండవది: "వీళ్ళవల్ల పన్ను చెల్లింపుదారులమీద భారం." లెక్కలు చూద్దాం. పార్ట్ ఎను పూర్తి ధరకు కొనేవారు దయాధర్మంమీద బతకడం లేదు. ఒక వృద్ధుడిమీద సగటున అయ్యే ఖర్చును లెక్కగట్టే ఆ ప్రీమియం నిర్ణయిస్తారు. పార్ట్ బిలో మాత్రం ఖర్చులో సుమారు పాతికవంతే ప్రీమియంగా వస్తుంది. మిగిలినది ప్రధానంగా సర్కారు ఖజానాది, నిజమే. అయితే అది దేశంలోని వృద్ధులందరికీ ఉన్న ఏర్పాటు, వలసవారికోసం పెట్టిన సత్రం కాదు. మరొకటి. అమ్మమ్మ ఇంట్లో ఉండబట్టే కూతురు ఉద్యోగానికి వెళ్ళగలిగింది. ఆ కూతురి జీతంలోంచి 1.45 శాతం, యజమాని వాటాగా మరో 1.45 శాతం మెడికేర్ పన్నుగా ప్రతి జీతానికీ పోతూనే ఉంది. అమ్మమ్మ చాకిరీ ఏ ఖాతాలోనూ జమ కాలేదు కాని, ఆ చాకిరీమీద మొలిచిన పన్ను మాత్రం ఖజానాకు చేరింది. భారమెవరిమీద ఎవరిదో ఇప్పుడు చెప్పండి.

మూడవది, అందరికన్నా గట్టిగా వినిపించేది: "అంత కష్టమైతే తీసుకురావడమెందుకు? ఇండియాలోనే హాయిగా ఉంటారుగా." ఈ మాటలో కొంత నిజముంది, ఒప్పుకోవాలి. వైద్యబీమా ఒక్కటే కొలమానమైతే ఇవాళ డెబ్భై దాటిన మనిషికి మన దేశమే మెరుగు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2024 అక్టోబరు 29నుంచి ఆయుష్మాన్ భారత్ డెబ్భై ఏళ్ళు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏటా అయిదు లక్షల రూపాయలదాకా వర్తిస్తోంది. ప్రైవేటు పాలసీ కొనడానికి ఉండిన అరవై అయిదేళ్ళ వయోపరిమితిని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఎత్తేసింది. 2025 సెప్టెంబరు 22నుంచి వ్యక్తిగత ఆరోగ్యబీమామీద జీఎస్టీ లేదు. ఇవన్నీ మంచివే. కానీ "అక్కడే ఉంటారుగా" అన్న మాటను మనం ఎప్పుడు అంటున్నామో గమనించండి. పురుడు వచ్చినప్పుడు అనం. పసిపిల్లల సంరక్షణాలయం నెలకు వెయ్యి డాలర్లు దాటినప్పుడు అనం. వారికి జబ్బు చేసినప్పుడు అంటాం. పైగా ఉన్న ఒక్క బిడ్డా ఇక్కడే ఉండి, దంపతులలో ఒకరు పోయి ఒకరు మిగిలిన ఇంట్లో, "అక్కడ హాయిగా" అన్న మాటకు అర్థమే లేదు.

కెనడావారు ఈ చిక్కును మనకన్నా నిజాయితీగా ఎదుర్కొన్నారని నా అభిప్రాయం. అక్కడ 2011 డిసెంబరునుంచి తల్లిదండ్రులకు, తాతమామ్మలకు సూపర్ వీసా ఉంది. కనీసం లక్ష డాలర్ల వైద్యబీమా, ఏడాదిపాటు చెల్లేది, చూపితేగాని ఆ వీసా రాదు. 2022నుంచి ఒక్క విడతలో అయిదేళ్ళు ఉండవచ్చు. శాశ్వత నివాసులుగా వచ్చిన తల్లిదండ్రులకు రాష్ట్రాల ఆరోగ్యకార్డే వస్తుంది. ప్రతిగా స్పాన్సరు ఎక్కువ రాష్ట్రాలలో ఇరవై ఏళ్ళకు పూచీ పడాలి. ఆ కార్యక్రమంలో చోట్లు పరిమితం, ఎదురుచూపు దీర్ఘం, అది స్వర్గమేమీ కాదు. కానీ పూచీకీ రక్షణకూ మధ్య ఒక లంకె ఉంది. అమెరికాలో పూచీ ఉంది, లంకె లేదు. ఇక్కడ ఇన్సూరెన్సు చూపితేగాని వలసకు అనుమతి లేదన్న ప్రకటన ఒకటి 2019 అక్టోబరులో వచ్చింది. న్యాయస్థానం ఆపింది, 2021లో రద్దయింది. అది కూడా "తెచ్చుకోండి, కొనుక్కోండి" అన్నదే తప్ప కొనుక్కోవడానికి కొత్తగా ఒక దారి చూపలేదు.

శాసనంతో తగవు అంతటితో సరి. ఇక మన వంతు.

మనలో ఎంతమంది తల్లిదండ్రులకు "డాక్టరు అడిగితే బీపీ లేదని చెప్పు నాన్నా" అని నేర్పి పంపలేదు? ఇంతకన్నా ప్రమాదకరమైన ఉపదేశం మరొకటి లేదు. ఆ అబద్ధంవల్ల క్లెయిము వస్తుందన్న నమ్మకం ఎలాగూ లేదు. వాళ్ళు ఇండియానుంచి పాత రికార్డులు అడుగుతారు, సంచిలోని మందుల పేర్లు చూస్తారు. రానిది క్లెయిము మాత్రమే కాదు, సరైన వైద్యం కూడా. ఏ మందు వాడుతున్నాడో తెలియని రోగికి అత్యవసర విభాగంలోని వైద్యుడు ఏమివ్వగలడు?

మనలో ఎంతమంది పాలసీని తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించారు? వారి పేరుమీద, వారి శరీరంమీద, వారి ప్రాణంమీద కొన్న కాగితం అది. అందులో ఏముందో వారికి తెలియదు. వారికి తెలిసిందల్లా ఒక్కటే: "ఇక్కడ డాక్టరు దగ్గరికెళ్తే ఆస్తులమ్ముకోవాలి." ఈ మాట మనమే, వచ్చిన మొదటి వారంలోనే, నవ్వుతూ చెబుతాం. మనం నవ్వుతూ చెప్పినదాన్ని వారు నవ్వుతూ వినరు. మనసులో పెట్టుకుంటారు. ఆరు నెలలకు తెచ్చుకున్న మాత్రలు అయిదో నెలలో తక్కువపడితే రోజు విడిచి రోజు వేసుకుంటారు. ఛాతీలో బరువుగా ఉంటే "గ్యాసు" అంటారు. కాలు తిమ్మిరెక్కితే "చలికి" అంటారు. అర్ధరాత్రి నొప్పి వస్తే తెల్లారేదాకా ఓర్చుకుంటారు. బిడ్డకు రేపు ఆఫీసుందని, బిల్లు వస్తుందని, తాము వచ్చింది సాయం చెయ్యడానికేగాని భారం కావడానికి కాదని.

ఈ సమస్యంతటిలోనూ నన్ను నిలవనీయనిది ఇదే. ప్రీమియం కాదు, డిడక్టిబుల్ కాదు. ఒక వృద్ధురాలు తన నొప్పిని సొంత బిడ్డ దగ్గర దాచుకోవడం. చవక పాలసీతో మనం ఆదా చేసిన కొన్ని వందల డాలర్లకు అసలు ధర అది. 24 గంటలలోపు ఆసుపత్రికి చేరాలన్న నిబంధన పాలసీలో ఉంటుంది. ఆ 24 గంటలనూ మౌనంలో కరిగించేది మనం నూరిపోసిన భయం.

ఇంకొందరున్నారు. "మాతృదేవో భవ" అని సంఘాల వేదికలమీద పిల్లలచేత వల్లెవేయించి, ఏదైనా జరిగితే విరాళాల పేజీ తెరిచేవారు. విరాళాలు ఇచ్చేవారి మంచితనాన్ని నేను కించపరచను. కానీ విరాళం ఒక పద్ధతి కాదు. పదిమందికి తెలిసినవాడికి డబ్బు చేరుతుంది, ఎవరికీ తెలియనివాడికి చేరదు. మూడు రోజుల తెలుగు మహాసభకు సినీతారలను రప్పించగలిగిన మన సంఘాలకు, ఈ పాలసీలలో ఏది ఏమిటో నిష్పాక్షికంగా తెలుగులో ఒక చిన్న పుస్తకం వెయ్యడం అసాధ్యమా? శాసనసభ్యుల పక్కన నిలబడి ఫొటోలు దిగే పెద్దలు ఆ ఫొటో తరువాత ఒక్క ప్రశ్న అడగలేరా?

అడగవలసిన ప్రశ్న గాలిలోది కాదు. కాలిఫోర్నియా 2021లో ఒక చట్టం చేసింది. వ్యక్తిగత ఆరోగ్యబీమా పాలసీలలో ఆశ్రితులైన తల్లిదండ్రులను చేర్చుకోవడానికి అది వీలు కల్పించింది. 2023 జనవరి 1నుంచి అమలులో ఉంది. ఉద్యోగుల బృంద పాలసీలకు వర్తించదు గనుక దాని పరిధి చిన్నదే. అయినా కుటుంబమన్న మాటను పైకి సాగదీసిన చట్టం అది. ఒక రాష్ట్రంలో సాధ్యమైనది టెక్సాస్‌లో, న్యూజెర్సీలో, జార్జియాలో ఎందుకు అసాధ్యం? మనవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్న రాష్ట్రాలే కదా ఇవి. ఓటుహక్కు ఉన్నవారు అడగాలి. ఓటు లేనివారు ఓటున్నవారిచేత అడిగించాలి. ఉద్యోగస్థులు తమ సంస్థల మానవవనరుల విభాగాలను అడగాలి: హైదరాబాదు కార్యాలయంలో ఇస్తున్నది ఇక్కడ ఎందుకు ఇవ్వరని. మొదటిసారి కాదంటారు. కొన్నాళ్ళకు ఒప్పుకోవచ్చు. అడగనివాడికి ఎప్పటికీ రాదు.

అంతదాకా చెయ్యదగినవి కొన్ని ఉన్నాయి, అవి మన చేతిలోనివే.

ఇండియాలోని పాలసీని ఎట్టి పరిస్థితిలోనూ మురగనివ్వకండి. "ఇక్కడికొచ్చేశారుగా, అదెందుకు దండగ" అని మానేస్తే, తిరిగి వెళ్ళాక పాతజబ్బులకు నిరీక్షణ కాలం మళ్ళీ మొదటినుంచి. ఆ నిరీక్షణ ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్ళు. డెబ్భై అయిదేళ్ళ మనిషికి మూడేళ్ళంటే చాలా కాలం.

గ్రీన్‌కార్డుమీద వచ్చినవారికి మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి హోదా వచ్చిన నాటినుంచి 60 రోజుల ప్రత్యేక గడువుంటుంది. అది దాటితే మామూలు నమోదు కాలందాకా ఆగాలి. "స్థిరపడనీ, చూద్దాం" అనుకుంటే ఆ రెండు నెలలూ చుట్టాల పలకరింపులలోనే గడిచిపోతాయి. అయిదేళ్ళు నిండే తేదీని కూడా గోడ క్యాలెండరుమీద రాసుకోండి. అప్పుడు పార్ట్ బిలో చేరక ఆలస్యం చేస్తే ప్రతి పన్నెండు నెలలకూ పదిశాతం చొప్పున ప్రీమియానికి జరిమానా కలుస్తుంది, సాధారణంగా అది జీవితాంతం వదలదు.

సందర్శకులుగా వచ్చేవారికి పట్టిక ప్రకారం ఇచ్చే పాలసీని కొనకండి. రెండో జాతిదే కొనండి. పాతజబ్బు గురించిన పేజీని, వయసు గురించిన పేజీని కొనకముందే చదవండి. డబ్బు కష్టమైతే ఆరు నెలల బదులు మూడు నెలలకు పిలిపించండి. అది అవమానం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: అత్యవసర స్థితిలో ఇన్సూరెన్సు ఉందా లేదా అని ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళవచ్చునని మీ అమ్మానాన్నలకు చెప్పండి. 1986నాటి చట్టం ప్రకారం మెడికేర్ సొమ్ము తీసుకునే ఆసుపత్రుల అత్యవసర విభాగం, డబ్బుతో నిమిత్తం లేకుండా, పరీక్షించి స్థిమితపరచాల్సిందే. బిల్లు తరువాత వస్తుంది, నిజమే. లాభాపేక్షలేని ఆసుపత్రులకు ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలని కూడా చట్టం ఉంది, అడిగితే దరఖాస్తు ఇస్తారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రిలో తెలుగు దుభాషిని ఉచితంగా కోరే హక్కు కూడా ఉంది. ఇంగ్లీషు రాదన్న బెరుకుతో ఏ తల్లీ తన నొప్పిని మింగుకోనక్కరలేదు. బిల్లుతో బేరమాడవచ్చు, వాయిదాలు కోరవచ్చు, తగ్గించమని దరఖాస్తు పెట్టవచ్చు. దాచిన గుండెనొప్పితో అవేవీ కుదరవు.

శాసనం మారడానికి ఏళ్ళు పడుతుంది. మన నాలుక మారడానికి ఒక్క సాయంత్రం చాలు. "ఇక్కడ డాక్టరంటే ఆస్తులమ్ముకోవాలి" అన్న పరాచికాన్ని ఇవాళే మానేద్దాం. దాని స్థానంలో, "అమ్మా, నొప్పొస్తే ఏ రాత్రైనా నన్ను లేపు, డబ్బు సంగతి నీది కాదు, నాది" అన్న ఒక్క మాట చెబుదాం. ఆ మాట నిజం కావాలంటే మంచి పాలసీ కొనక తప్పదు. మంచి పాలసీ దొరకాలంటే చట్టంతో పోరాడక తప్పదు. ఇంట్లో చెప్పిన మాటకు కట్టుబడి ఉండడానికే బయటి పోరాటం. ఇక "ఏదో ఒకటి" అన్న మాట మాత్రం మన తల్లిదండ్రుల విషయంలో మళ్ళీ మన నోట రాకూడదు.